సెట్టు కట్టేసిన నలభై నిమిషాలు

మా గిలకలదిండి హార్బర్లో ఇప్పుడు నన్ను శాంతమూర్తి అంటున్నారు. ఇంతకు మించిన ఎగతాళి లేదు. మూడేళ్ళ కిందటి దాకా నేను వలల షెడ్డు వైపు వస్తుంటే కూర్చున్నవాళ్ళు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవాళ్ళు. ఐసు సరిగ్గా దంచలేదని ఐసు ఫ్యాక్టరీ మనిషి కాలరు పట్టుకున్నాను. విందులో పులుసు రెండోసారి అడిగితే తేలేదని విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. ఆ విందు నా పెళ్ళిదే. మా ఆవిడ రెండేళ్ళు ఓపిక పట్టి బంటుమిల్లిలో పుట్టింటికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచీ నా తిండి మా అక్క వెంకటలక్ష్మి ఇంట్లోనే.

ఈ మే నెలాఖరున ఎలీసబెతు గారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆవిడది గుడివాడ. వేట నిషేధం ఉన్న రెండు నెలలూ బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి, అప్పుడు బోటు డ్రైవర్లకు ప్రమాదాల గురించి క్లాసులు చెప్పడానికి వస్తుంటారు. నేను బోటు మీద కూర్చుని రంగు వేస్తున్నాను. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నిలబడ్డారు.

"నరేంద్ర గారూ, సముద్రం మీద జరిగేవాటిలో సగం గాలి వల్ల కాదండీ, కోపం వల్ల. నేను చెప్తే వీళ్ళు వినరు. మీరు కోపం ఎలా తగ్గించుకున్నారో ఒక్క పది నిమిషాలు చెప్పాలి."

"నాకు మైకులో మాట్లాడ్డం రాదండీ."

"మీ అక్కగారే మీ పేరు చెప్పారు. మా తమ్ముడంత మారిన మనిషి ఈ చుట్టుపక్కల లేడని."

అక్క పేరు ఎత్తాక ఇంక నేనేం అనగలను? సరేనన్నాను. ఆవిడ వెళ్ళిపోయాక బ్రష్షు రంగు డబ్బాలో వదిలేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

నేను కోపం ఎలా తగ్గించుకున్నానో ఎవరికీ తెలియదు. నేను తగ్గించుకోలేదు. నాకు కోపం వస్తే మా బావ పిలుస్తాడు. మా బావ, అక్క భర్త దుర్గాశ్రీనివాస్, చనిపోయి మూడేళ్ళయింది.

మొదటిసారి ఐసు ఫ్యాక్టరీలోనే జరిగింది. బావ పెద్దకర్మ అయిన నాలుగోరోజు. అదే మనిషి, మళ్ళీ అలాగే ఐసు దంచాడు. నేను చెయ్యెత్తాను. చెవిలో సెట్టు మోగినట్టు సన్నగా గరగర మొదలైంది. మేము సెట్టు అనేది బోట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్‌లెస్‌ని. ఐసు ఫ్యాక్టరీలో సెట్టు లేదు. ఆ గరగరలోంచి బావ గొంతు, నోట్లో నీళ్ళు పెట్టుకుని మాట్లాడినట్టు, "నరేంద్రా" అంది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఐసు మనిషి భయపడి రెండు దిమ్మలు ఎక్కువ ఇచ్చాడు.

ఆ తర్వాత ఎక్కడ కోపం వస్తే అక్కడికి వచ్చాడు. గుడివాడ బస్టాండులో సీటు దగ్గర ఎవడితోనో మాటా మాటా పెరిగితే, బస్సుల వివరాలు చెప్పే స్పీకర్లోంచి పిలిచాడు. అక్క మొక్కు ఉందని మోపిదేవి తీసుకెళ్తే, క్యూలో వెనకవాడు తోశాడని తిరిగి చూడబోయాను. గుడి మైకులో మంత్రాల మధ్య నుంచి, "నరేంద్రా". అక్కడే కూలబడిపోయాను. తమ్ముడికి స్వామి మీద ఎంత భక్తి కుదిరిందో అని అక్క కళ్ళు తుడుచుకుంది. అలా నేను శాంతమూర్తినయ్యాను.

బావ నన్ను బతికుండగా ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "బావా" అనేవాడు. ఒక్క రోజు తప్ప. ఆ రోజు సంగతి చెప్పాలంటే మా వాళ్ళ పట్టింపు ఒకటి చెప్పాలి.

ఏరు సముద్రంలో కలిసే మొగ దాటామంటే మేము మనిషిని పేరుతో పిలవం. వరస పెట్టి పిలుస్తాం, లేకపోతే బోటు పేరుతో పిలుస్తాం. నేను నడిపే బోటు నాంచారమ్మ. బావ నడిపిన బోటు గంగాభవాని. సెట్టులో మనిషి పేరు వినిపించిందంటే ప్రాణం మీదికి వచ్చిందని అర్థం. అప్పుడు ఎంత చేప పడినా సరే, వల తెంచుకుని వెళ్ళాల్సిందే. ఎందుకలా అంటే మా తాతలూ అంతే అంటారు. మా హార్బర్లో ఎంత తాగుబోతైనా, ఎంత అబద్ధాలకోరైనా, ఈ ఒక్క విషయంలో అబద్ధం ఆడినవాడు లేడు.

మూడేళ్ళ కిందట, వేట తెరిచిన రెండోవారం. పొద్దున తొమ్మిదింటప్పుడు బావ బోటు నా వల మీదుగా వెళ్ళింది. కొత్త వల, అంతకు ముందు రోజే దింపాను. సగానికి చిరిగి తాళ్ళతో సహా కొట్టుకుపోయింది. నేను సెట్టు అందుకుని, మేమిద్దరమే వాడుకునే ఛానెల్లో బావను తిట్టాను. బావను తిట్టడం అయ్యాక వాళ్ళ అమ్మను తిట్టాను. నోటికి అడ్డూ ఆపూ లేకుండా, అతన్ని చేసుకున్నందుకు మా అక్కను కూడా తిట్టాను. బావ మొదట్లో ఏదో సర్దిచెప్పబోయాడు. కాసేపటికి పిలిచాడు.

"నరేంద్రా."

నాకేమనిపించిందో దాచను. వేషం వేస్తున్నాడనుకున్నాను. నా తిట్లకు జవాబు లేక, ఆ పిలుపు పిలిచి నన్ను పరుగెత్తించి, రేపు హార్బర్లో నలుగురి ముందూ నవ్వులపాలు చేస్తాడనుకున్నాను. బావ అలాంటి మనిషి కాడని నాకు తెలుసు. ఆ నిమిషంలో తెలిసింది ఏదీ పనికిరాలేదు. మళ్ళీ పిలిచాడు. సెట్టు కట్టేశాను.

నా కలాసీలు, అంటే బోటు పనివాళ్ళు, వెనక వైపు చిరిగిన వల లాగుతున్నారు. ఇంజను మోతలో వాళ్ళకేమీ వినపడలేదు. నలభై నిమిషాలకు కోపం చల్లారి సెట్టు పెడితే, అందరూ వినే ఛానెల్లో దివిసీమ వైపు బోట్లు గంగాభవాని కోసం వెతుకుతున్న మాటలు వినపడ్డాయి. నా వల తాళ్ళే దాని ప్రొపెల్లరుకు చుట్టుకున్నాయి. ఇంజను ఆగిపోయి బోటు అలలకు అడ్డం తిరిగింది. అది నాకు రెండు మైళ్ళ దూరం. పావుగంట ప్రయాణం. దాని కలాసీలు ముగ్గురిని నాగాయలంక బోటువాళ్ళు తీశారు; వెనక తాళ్ళు తప్పిస్తున్న వాళ్ళకు మా మాటలు వినపడలేదు. బావ మూడోరోజు హంసలదీవి దగ్గర ఒడ్డుకు వచ్చాడు.

హార్బర్‌కు వచ్చేలోపే నేను సెట్టు వెనక ఒక తీగ పీకి పెట్టాను. సెట్టు పాడైంది, ఏమీ వినపడలేదు అన్నాను. అందరూ నమ్మారు. అక్క శవం పక్క నుంచి లేచి వచ్చి నా తల నిమిరింది.

"సెట్టు పాడైతే నువ్వేం చేస్తావురా? నీ మనసులో పెట్టుకోకు" అంది.

ఆ చెయ్యి బరువు నా తల మీద ఇప్పటికీ ఉంది.

అక్క నాలాంటి మనిషి కాదు. ఆరు నెలలు తిరక్కుండా నేనూ బావా నడిపిన బోట్ల యజమాని తాతయ్య దగ్గరికి వెళ్ళింది. పేరుకే తాతయ్య, నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు. ఒడ్డు మీద కూడా ఒక సెట్టు పెట్టాలి, నేను కూర్చుంటాను అంది. వేలం షెడ్డు పక్క గదిలో సెట్టు పెట్టించింది. వాతావరణ కబురు రాసుకుని, మూడు గంటలకోసారి బోట్లన్నిటినీ పేరుపేరునా పిలిచి చెప్తుంది. జవాబు రాకపోతే వచ్చేదాకా పిలుస్తుంది. మధ్యలో జోకులు వేస్తుంది, ఫలానా బోటులో ఇవాళ కూర ఏంటని అడుగుతుంది. ఇంత జరిగినా ఎలా నవ్వగలుగుతున్నావని ఒకసారి అడిగాను.

"నవ్వకపోతే ఏం చెయ్యనురా? అలా కూర్చుంటే పిచ్చెక్కుద్ది. ఎవరి తప్పూ లేదు కదా, అదొక్కటే నాకు ధైర్యం" అంది, నా కంచంలో ఇంకో చేప ముక్క వేస్తూ.

క్లాసు వేట తెరవడానికి వారం ముందు, బందరులో ఒక కల్యాణమంటపంలో పెట్టారు. నలభై యాభై మంది డ్రైవర్లు. అక్క మొదటి వరసలో కూర్చుంది, కొత్త చీర కట్టుకుంది. ఎలీసబెతు గారు కోపం వస్తే ఊపిరి పీల్చాలనీ, పది అంకెలు లెక్కపెట్టాలనీ, మంచినీళ్ళు తాగాలనీ చెప్పారు. వెనక వరసవాళ్ళు మంచినీళ్ళ మాట దగ్గర నవ్వారు. తర్వాత నా పేరు పిలిచారు. చప్పట్లు కొట్టారు.

నేను రాసుకొచ్చిన కాగితం తీశాను. "దేవుడి దయ వల్ల, అక్క మంచి మాటల వల్ల నాలో మార్పు వచ్చింది" అని చదివాను. మైకు గరగరమంది.

నాకప్పుడు కోపం లేదు. ఎవరి మీదా లేదు. అయినా వచ్చాడు. స్పీకర్లలోంచి, హాలు నాలుగు మూలల నుంచీ, నీళ్ళు నిండిన గొంతుతో పిలిచాడు. తల ఎత్తి చూశాను. ఎవరూ ఉలిక్కిపడలేదు. అక్క నవ్వుతూ, చదవరా అన్నట్టు తల ఊపింది. చేతిలో కాగితం మడిచేశాను. ఇంక నావల్ల కాలేదు.

"అక్కా, ఆ రోజు సెట్టు పాడవలేదు" అన్నాను.

అది మైకులోనే అన్నాను. మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు. తిట్టింది చెప్పాను. బావ పేరు పెట్టి పిలిచింది చెప్పాను, రెండుసార్లు. సెట్టు కట్టేసింది, తీగ పీకింది చెప్పాను. అక్క ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. అది కాసేపు అలాగే ఉండి, ఎవరో మెల్లగా తుడిచేస్తున్నట్టు పోయింది. లేచి, వాతావరణం రాసుకునే పుస్తకం చంకలో పెట్టుకుని, కుర్చీల మధ్య నుంచి బయటికి వెళ్ళిపోయింది. నా వైపు చూడలేదు.

తర్వాత ఎవరూ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. దారి ఇచ్చారు, అంతే. ఎలీసబెతు గారు ఒక్కరే మెట్ల దగ్గర ఆగారు.

"చెప్పేశానండీ. ఇంక నాకేమన్నా పరవాలేదు" అన్నాను.

"మీరు ఆవిడకి చెప్పలేదండీ. మైకుకి చెప్పారు. మీ బరువు దించుకున్నారు, బాగానే ఉంది. అది ఇప్పుడు ఎవరి నెత్తిన పడిందో చూశారా?"

నాకు దిక్కు తోచలేదు. చెప్పకపోతే తప్పు, చెప్తే తప్పు. "అయితే నన్నేం చెయ్యమంటారు?" అన్నాను.

"మూడేళ్ళు ఆవిడ్ని కోపం పడనివ్వలేదు మీరు. ఇప్పుడు పడనివ్వండి. పడుతున్నంతసేపూ అక్కడే ఉండండి. లేచి వెళ్ళిపోకండి."

ఆ వారం అక్క ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాను. తలుపు తీసే ఉంది. నేను గుమ్మంలో నిలబడితే లోపల పని చేసుకుంటూనే ఉంది. అన్నం తిన్నావా అనలేదు, పొమ్మనలేదు. బావ గొంతు కూడా రాలేదు. నాకు ఆ నిశ్శబ్దానికే ఎక్కువ భయం వేసింది.

జూన్ పదిహేను తెల్లవారాక బోట్లు బయల్దేరాయి. నా కలాసీలు ఇద్దరు వేరే బోటు ఎక్కేశారు. తాతయ్య నన్ను చూసి చూసి, "ఈ ట్రిప్పుకి వెళ్ళిరా అన్నా. తర్వాత సంగతి తర్వాత" అన్నాడు. మొగ దాటాక మొదటి పిలుపు వచ్చింది. అక్క గొంతు. ఒక్కో బోటునూ పిలుస్తోంది. నా బోటును వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు. "నాంచారమ్మ, నాంచారమ్మ, వినపడుతోందా?" అందరినీ పిలిచినట్టే పిలిచింది. వినపడుతోందన్నాను. తర్వాతి బోటుకు వెళ్ళిపోయింది. జోకుల్లేవు, కూరల ఊసు లేదు.

రెండోరోజు పదిన్నరకు, పిలుపు వేళ కాని వేళ, సెట్టు మోగింది.

"నాంచారమ్మ, నాంచారమ్మ."

"చెప్పక్కా."

అక్క మొదలుపెట్టింది.

"పావుగంట ప్రయాణం రా. పావుగంట! నువ్వు సెట్టు కట్టేసి ఏం చేశావు ఆ నలభై నిమిషాలు? టీ తాగావా? బీడీ కాల్చావా? చెప్పు, నాకు తెలియాలి."

"బీడీ కాల్చానక్కా" అన్నాను. నిజమే అది.

"శవం పక్క నుంచి లేచొచ్చి నిన్ను ఓదార్చానురా నేను! పాపం తమ్ముడు లోలోపల కుమిలిపోతున్నాడని మూడేళ్ళు నీ కంచంలో ముక్కలేశాను. నీ కోసం మోపిదేవిలో మొక్కుకున్నాను. ఆయనకి అన్నం పెట్టిన చేత్తోనే పెట్టించుకు తిన్నావు. సిగ్గు లేదూ? చెప్తే నాకు చెప్పాలి, నా ఇంట్లో, నా ముఖం చూసి. పెళ్ళిలో పాట పాడినట్టు మైకులో చెప్తావా?"

ఎవరో మధ్యలో వచ్చారు. "వదినా, అందరూ వింటన్నారు..."

"వింటే విననీ! ఇష్టం లేనోళ్ళు కట్టేసుకోండి. నాంచారమ్మ మాత్రం కట్టడానికి వీల్లేదు."

నలభై బోట్లూ వింటున్నాయని నాకు తెలుసు. ఇంజను తగ్గించి మా కలాసీలు ముగ్గురూ నన్ను చూడకుండా సముద్రం చూస్తున్నారు. అక్క నన్ను చిన్నప్పటి నుంచీ తిట్టనివన్నీ తిట్టింది. మా ఆవిడ ఎందుకు వెళ్ళిపోయిందో చెప్పింది. నాన్న నా గురించి పోయేముందు ఏమన్నాడో చెప్పింది. అది నలుగురిలో అనాల్సిన మాట కాదు. నాకు చెవులు వేడెక్కాయి. తప్పు చేశాను నిజమే, కానీ నాన్న మాట ఎందుకు తేవాలి? చెయ్యి దానంతట అదే సెట్టు మీట మీదికి వెళ్ళింది.

బావ కోసం ఆగాను. ఇప్పుడు పిలుస్తాడు, పిలిస్తే చెయ్యి ఆగిపోతుంది అనుకున్నాను. సెట్టు గరగరలాడుతోంది. అక్క ఊపిరి తీసుకునే సందుల్లో చెవి పెట్టి విన్నాను. గరగర తప్ప ఏమీ లేదు. బావ రాలేదు. మూడేళ్ళలో మొదటిసారి, నా కోపం దగ్గర నేను ఒక్కణ్ణే ఉన్నాను. ఎంత భయం వేసిందో చెప్పలేను. వేళ్ళు మీట మీద ఉన్నాయి. ఒక్క తిప్పు. వాటిని ఒక్కొక్కటిగా తీశాను. అంత బరువు నేను ఏ వల లాగినప్పుడూ ఎరగను. తీసిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

అక్క ఏడుస్తోంది. బావ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. సెట్టు బటను వదలకుండా ఏడ్చింది. నలభై బోట్లు విన్నాయి.

చాలాసేపటికి, "ఇంకా ఉంది. అయిపోయిందనుకోకు. రేపు మళ్ళీ చెప్తా" అంది.

"వింటానక్కా."

కాగితాలు తిప్పుతున్న చప్పుడు. ముక్కు చీదిన చప్పుడు. తర్వాత గొంతు సవరించుకుని, రోజూ చెప్పే గొంతుతో మొదలుపెట్టింది.

"అన్ని బోట్లకీ. గాలి ఎక్కువవుద్దని కబురొచ్చింది. మధ్యాన్నం నుంచి అలలు పెద్దవి. వలలు ఎత్తేసి లోపలికి రండి."

వరసగా పిలిచింది. ఒక్కో బోటు విన్నామంది. నా వంతు వచ్చింది.

"నాంచారమ్మ, విన్నారా?"

బటను నొక్కాను. ఏడుపు అడ్డం పడి గొంతులోంచి మాట రాలేదు.

"నాంచారమ్మ, విన్నారా?"

మళ్ళీ నొక్కాను. గాలి మాత్రమే వచ్చింది.

"నాంచారమ్మా! నాంచారమ్మా, పలకవేంరా?" ఇందాక నన్ను అన్నేసి మాటలన్న గొంతు, గజగజ వణికిపోతోంది. "ఉన్నావా? ఒరేయ్, ఉన్నావా?"

"ఉన్నానక్కా" అన్నాను.